రెండో కుర్చీ

షంషాబాద్,
నవంబర్ 2012.

కవితక్కా,

ఫోన్ చేయకుండా ఇదేమిటి, ఉత్తరం రాస్తోంది అనుకుంటున్నావా? నీ ఫోన్ బావ జేబులో ఉంటుంది, నా ఫోన్ మాటలు హాస్టలంతా వింటుంది. పైగా ఈ సంగతి నోటితో చెప్పబోతే ఏడుపు వచ్చేస్తుంది. కాగితం మీదైతే ఆగి ఆగి చెప్పుకోవచ్చు.

నేను ఈ కంప్యూటర్ డిప్లొమా మానేస్తున్నాను. వచ్చే ఆదివారం బాపును వెంటబెట్టుకుని రా. నా పెట్టె, పరుపు ఒక్క ఆటోలో పట్టేస్తాయి. బాపు అన్నట్టే వచ్చే ఏడు బీఈడీకి రాస్తాను. "బీఏ చదివిన పిల్లకు కంప్యూటర్ ఏందే, పంతులమ్మ అయితే చాలదా" అని బాపు అంటే, "దాని పూచీ నాది బాపూ, జర పోనియ్యి" అని అడ్డం పడ్డది నువ్వే. అందుకే ముందు నీకు చెబుతున్నాను. బాపు ముందు నీ మాట పోతుందనే నాకు ఎక్కువ బాధ.

ఇక్కడ ల్యాబ్‌లో మిషన్లు తక్కువ, మనుషులెక్కువ. అందుకని ఇద్దరికొక కంప్యూటర్ ఇచ్చారు. నా జోడీ రిదా. షంషాబాద్ అమ్మాయే, ఇంటర్‌లో లెక్కలు చదివింది. మొదటిరోజు కీబోర్డు ముందు కుర్చీలో ఆమె కూర్చుంది, పక్కన రెండో కుర్చీలో నేను. అంతే, ఇప్పటిదాకా ఆ కుర్చీలు మారలేదు. ఆమె వేళ్లు టకటకా కొడుతుంటాయి, నేను చూస్తుంటాను. నన్నూ కొట్టనివ్వమని అడగడానికి నోరు రాలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే వెనకవాళ్లు నవ్వుతారని సిగ్గు. "రిదా, నేను కలిసి చేస్తున్నామక్కా" అని ఫోన్‌లో గొప్పగా చెబుతుంటాను కదా, ఆ కలిసి చేయడం ఇదే.

అయితే నన్నెవరూ పట్టించుకోరా అంటే, భేషుగ్గా పట్టించుకుంటారు, నా చేతిరాత కోసం! చేసిన ప్రోగ్రాములన్నీ చేత్తో రాసి సారు సంతకం పెట్టించుకోవాలి, దాన్ని రికార్డు అంటారు. బీఏలో చరిత్ర జవాబులు రాసినట్టే మార్జిన్లు గీసి, ఆకుపచ్చ స్కెచ్‌తో హెడ్డింగులు పెట్టి నాది రాశాను. అది చూసి క్లాసులో ఒకరి తర్వాత ఒకరు తమవీ తెచ్చి నా ముందు పెట్టారు. "నీ రాత ఎంత మంచిగున్నదే, నాది గూడ రాసియ్యవా" అని బతిమాలుతుంటే పొంగిపోయాను. స్నేహితులు దొరికారనుకున్నాను. రికార్డు చేతికందగానే థాంక్స్ అని వెళ్లిపోతారు. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి ఒక్కరూ రారు. రాసీ రాసీ అన్ని ప్రోగ్రాములూ నోటికొచ్చేశాయి. ఒక్కటీ అర్థం కాలేదు. యుద్ధాలకు కారణాలు బట్టీ పట్టినట్టు పట్టేశాను.

గదిలో ఉండే ఇద్దరివీ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీలు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. లైటు వేయకూడదు, మాట్లాడకూడదు. గిన్నె చప్పుడు కాకుండా అన్నం తింటాను. సెలవు రోజుల్లో సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడదు. అప్పుడు మేడమీదికెళ్లి "ప్రేమలతా" అని నన్ను నేనే పిలుచుకుంటాను. నవ్వకక్కా.

బుధవారం ల్యాబ్ పరీక్ష ఉంది. తప్పుతానని తెలుసు, అయినా రాసి వచ్చేస్తాను. బాపుకు నెమ్మదిగా చెప్పు.

నీ చెల్లెలు,
ప్రేమలత.


షంషాబాద్,
గురువారం సాయంత్రం.

అక్కా,

నా మొదటి ఉత్తరం అంది ఉంటే, బాపుతో ఇంకేమీ అనకు. ముందు ఇది చదువు.

పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో మిషన్ ఇచ్చారు. మొదటిసారి కీబోర్డు నా ముందుకొచ్చింది. ప్రోగ్రాములో వరుస చివర ఒక చుక్క, దాని కింద కామా పెట్టాలి. అందరి రికార్డుల్లోనూ ఆ గుర్తు పెట్టీ పెట్టీ అరిగిపోయిన చెయ్యి, కీబోర్డు మీద అదెక్కడుందో తెలియక తడుముకుంది. పైగా నేను బట్టీ పట్టింది మార్కుల సగటు చెప్పే ప్రోగ్రాం. మా ల్యాబ్ దశరథం సార్ అడిగింది ఐదు సబ్జెక్టుల మార్కుల్లో పెద్దదేదో చెప్పేది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఏమీ రాయకుండా లేవడానికి మనసొప్పలేదు. అంగట్లో నువ్వు సొరకాయ ఏరే పద్ధతి గుర్తొచ్చింది. అదే జవాబు కాగితం మీద తెలుగులో రాశాను: మొదటిది చేతిలో పట్టుకో. తర్వాతిది దానికన్నా పెద్దదైతే చేతిలోది కింద పెట్టి దాన్ని పట్టుకో. గంపలోవన్నీ అయ్యేదాకా ఇంతే. చివరికి చేతిలో ఉన్నదే అన్నిటికన్నా పెద్దది.

సార్ అది రెండుసార్లు చదివారు. "ప్రోగ్రామంటే గిదేనమ్మా. ఇన్నొద్దులు ఎందుకు నోరు తెరవలే? కాని మిషన్ల ఏం లేదు గదా, మార్కులెట్ల వెయ్యాలె?" అన్నారు. ఫెయిల్ చేశారు. ఆయన్ని తప్పు పట్టలేను.

బయట మెట్ల మీద రిదా ఏడుస్తోంది. ఆమె కూడా తప్పిందక్కా! నాకు నమ్మబుద్ధి కాలేదు. "నాకేం సమజ్ కాలే ప్రేమలతా. మా అరీబ్ అన్న రాసిచ్చినవి ఇంట్ల యాది పెట్టుకొని వచ్చి కొడుతుంటి. నువ్వేమో పక్కన కూసొని ఊకె చూస్తుంటివి, ఒక్క మాట మాట్లాడకపోతివి. ఈమెకు అన్ని తెలుసు, నా తప్పు దొరకవడ్తది అని ఒకటే పరేషాన్. అందుకే నీకు కీబోర్డు ఇయ్యలే" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్లూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకరికొకరం భయపడ్డాం.

ఇవాళ ల్యాబ్‌లో తనే కుర్చీ జరిపి "నువ్వు గిటు కూసో" అంది. నీ సొరకాయల్ని మిషన్‌కు అర్థమయ్యేటట్టు చెప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నేను కొట్టాను, తను ఏ మీట ఎక్కడో చూపించింది. రెండుసార్లు సున్నా వచ్చింది. మూడోసారి పెద్ద మార్కు తెరమీద కనబడింది. రిదా నా భుజం మీద ఒక్కటి చరిచింది, ఇంకా నొప్పిగానే ఉంది.

మళ్లీ జనవరిలో రాయాలి. అప్పుడైనా పాసవుతానో లేదో తెలియదు. కానీ మానను. తప్పిన సంగతి బాపుకు నేనే ఎదురుగా చెబుతాను, తిడితే పడతాను.

గది మాత్రం ఇంకా అట్లాగే ఉంది. ఇప్పుడు కూడా వరండాలో కూర్చునే రాస్తున్నాను. ఆదివారం తప్పకుండా రా అక్కా, బాపును కూడా తీసుకురా. నన్ను తీసుకుపోవడానికి మాత్రం కాదు. నన్ను చూడడానికి ఇంతవరకు ఇక్కడికి ఎవరూ రాలేదు.

నీ ప్రేమలత.