పడి లేచే లోపు

మార్చి 4, మంగళవారం
ఫైటింగ్ గేమ్ నేర్చుకుంటామని కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు. ముగ్గురికీ ఆగకుండా వరస దెబ్బలు, పెద్ద పెద్ద కాంబోలే కావాలి. ముందు దెబ్బ కాచుకోవడం నేర్చుకోండంటే మొహాలు మాడ్చుకున్నారు. ప్రత్తిపాడులో ఈ గేమింగ్ సెంటర్ పెట్టి పదేళ్ళు. పదేళ్ళుగా ఇదే పాట. రంజాన్ ఉపవాసం, పైగా మణికట్టు నొప్పి. మూసేద్దామనిపిస్తోంది.

మార్చి 6
ఆ ముగ్గురూ రాలేదు. యేసుపాదం గారని కోల్డ్ స్టోరేజీ హమాలీ వచ్చాడు, యాభై రెండేళ్ళు. కూతురు ఆరాధనకి గుంటూరులో ఉద్యోగం. ఈ ఫైటింగ్ గేమంటే ఆ అమ్మాయికి ప్రాణమట. చదువు పాడవుతుందని అప్పట్లో ఈయనే కంట్రోలర్‌ని రోకలితో నలగ్గొట్టాడు. ఉద్యోగం రాగానే ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలుగా ఫోన్ ఎత్తదు. మా పిల్లతో ఒక్క ఆట ఆడాల హీనామ్మా, నేనని తెలవకుండా, అన్నాడు. కాదనలేకపోయాను.

మార్చి 11
ఆటలో కిందపడ్డవాణ్ణి లేచే క్షణంలో కొట్టడం చెప్పాను. ముందు కొడితే గాలికి పోతుంది. ఆలస్యమైతే వాడే కొడతాడు. ఈయన అసలు కొట్టడే! పడినోణ్ణి ఎట్టా కొడతానమ్మా, లేవనీ, అంటాడు. ఇరవైసార్లు లేవనిచ్చాడు, ఇరవైసార్లూ తన్నులు తిన్నాడు. మీరిట్లా జాలిపడితే ఆ పిల్ల రెండో ఆట ఆడదండీ అని అరిచాను. తర్వాత సిగ్గేసింది.

మార్చి 13
ఇవాళా అంతే. నాకు ఓపిక లేదు.

మార్చి 18, మధ్యాహ్నం 3
సెకనులో అరవయ్యో వంతు ఫ్రేములు, అంకెలు చెప్పి చెప్పి నోరెండిపోయింది. చివరికి ఆయనే అడిగాడు. మిర్చి టిక్కీ, అదే బస్తా, ఇద్దరు లేపి వదుల్తారు, సరిగ్గా అప్పుడే నా వీపు కిందుండాల, తొందరపడితే మెడ పోద్ది, ఆలస్యమైతే నడుం పోద్ది, ఇదీ అంతేనామ్మా అని. అంతే అన్నాను. వరసగా ఏడుసార్లు తగిలించాడు. పదేళ్ళలో నాకీ మాట తోచలేదు.

మార్చి 23, ఆదివారం
చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చాడు. మా సెంటర్ ఐడీతో ఆన్‌లైన్‌లో పిలిస్తే ఆరాధన ఆటకి ఒప్పుకుంది. మొదటి రౌండ్ చితకబాదింది. రెండో రౌండ్‌లో ఈయన పడేశాడు. వదిలేస్తాడనుకున్నాను. లేవనివ్వలేదు. ఆ రౌండ్ ఆయనదే. మూడోది ఆ అమ్మాయిది.

చాట్‌లో అడిగింది, బాగా ఆడావ్, ఎవరు నువ్వు అని. ఆయన నా వైపు చూశాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నాన్నని.

ఆ అమ్మాయి ఆటలోంచి వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. తలుపు దగ్గరికేసి నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఎందుకు నేర్పానా అనిపించింది.

మార్చి 24, ఉదయం 10:15
సెంటర్ ఐడీకి మెసేజ్. రీమ్యాచ్ నాన్నా.

యేసుపాదం గారు ఫోన్ ఎత్తడం లేదు, బస్తాలు మోస్తూ ఉంటాడు. కోల్డ్ స్టోరేజీకి నేనే పోతున్నాను.