డ్రైవరు మూత

కైకలూరు, ఆగస్టు 2004, గురువారం

మూడు వారాలుగా అతికిస్తున్న ప్లాస్టిక్ యుద్ధట్యాంకు ఇవాళ పూర్తయింది. చక్రాలకు కొల్లేటి బురద కూడా పూసి సాయంత్రం నాన్నకు చూపించాను. మిలిటరీలో ఆయన గన్నరుగా పనిచేసింది ఈ రకం ట్యాంకులోనే. మురిసిపోతారనుకున్నాను.

ఆయన ఫిరంగి గొట్టాన్ని వేలితో పక్కకు నెట్టి చూశారు. కదల్లేదు. తిన్నగా ఉంటే అందంగా ఉంటుందని నేనే జిగురు పెట్టేశాను.

"గొట్టం డ్రైవరు మూతకి అడ్డంగా ఉందిరా. నిప్పంటుకుంటే వాడు మూతెత్తుకుని ఎలా వస్తాడు?"

"బొమ్మే కదా నాన్నా."

"గొట్టం పక్కకి తిప్పాల్సింది గన్నరేరా. ఆ రోజు మా ట్యాంకు అంటుకుంటే నేను తిప్పకుండా దూకేశాను. మా డ్రైవరు ఏసుబాబు లోపలే ఉండిపోయాడు."

నాన్న ప్రతి క్రిస్మస్‌కీ అత్తిలి వెళ్లి, ఏసుబాబు గారి భార్య చేతికి కేకు ఇచ్చి, మంచినీళ్లైనా తాగకుండా వచ్చేస్తారు. మొహమాటం అనుకునేవాణ్ణి. ఆవిడకి ఈ సంగతి తెలుసో లేదో అడగలేకపోయాను.

గంట నుంచి బ్లేడు పెట్టి కోస్తున్నాను. జిగురు రాయిలా బిగుసుకుపోయింది. పక్కగదిలో నాన్న ఇంకా పడుకోలేదు.

"తిరిగిందా?" అని ఇప్పుడు మూడోసారి అడిగారు.