గురవమ్మ పలక మీద నలభై ఒకటి

పెద్దారవీడు దగ్గర పల్లె,
ఆదివారం.

రేపల్లెలో ఉన్న అక్కయ్యకు నీ చెల్లెలు శకుంతల నమస్కారాలు. నీ ఒంట్లో ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? మీ అత్తగారికి ఈ వానల్లో మోకాళ్ళు ఇంకా పట్టేస్తున్నాయా? పిల్లలిద్దరూ వేళకు తిని బడికి వెళ్తున్నారనుకుంటాను. నేనిక్కడ కులాసా. మొదట్లో ఈ మాట రాయకపోతే నువ్వు మిగతాది చదవకుండానే ఏడుపు మొదలుపెడతావు, అందుకని రాశాను. జ్వరం లేదు, తిండికి లోటు లేదు. అంతవరకు నిజం.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి బద్ధకించి జవాబు రాయలేదు. రెండోదానికి రాద్దామని కూర్చున్నప్పుడల్లా చేతకాలేదు. ఈ రోజు కూడా రాయకపోతే ఇక ఎప్పటికీ రాయనేమోనని భయం వేసి కూర్చున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు నువ్వడిగిన సంగతులు చెబుతాను. ఇక్కడ కాలవ అనే మాట పిల్లలకు తెలియదు. ఊరికంతటికీ ఒకటే బావి. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. పప్పు మానేసి సజ్జరొట్టె, మిరపకాయ కారంతో కానిస్తున్నాను. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే కాస్త చింతకాయ పచ్చడి పంపు. నేను వచ్చిన కొత్తలో ఆడవాళ్ళు నా బోసి నుదురు చూసి ఎదురు రాకుండా పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆయన పోయి ఏడేళ్ళయినా ఈ చూపులకు నేను అలవాటు పడలేదక్కయ్యా. మెల్లగా వాళ్ళే పలకరించడం మొదలుపెట్టారు. జొన్నలిచ్చారు, మజ్జిగిచ్చారు. నన్ను తమ మనిషిని చేసుకున్నారనుకున్నాను.

బడి అంటే మట్టి గోడలు, బోదగడ్డి కప్పు, ఒకటే గది. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఈ జిల్లా బళ్ళకు కుర్చీలొస్తాయన్నారట. రాజధాని హైదరాబాదు వెళ్ళిపోయింది, నేను గోనెపట్టా మీదే కూర్చుంటున్నాను. మనం చిన్నప్పుడు సంతలో కొనుక్కున్న పలకల రాయి ఈ మార్కాపురం దగ్గర తవ్వేదే. అయినా మా ఒకటో తరగతిలో సగం మందికి చట్రం ఉన్న పలక లేదు. గనుల దగ్గర పారేసిన ముక్కలు ఏరుకుని తెచ్చుకుంటారు. ఒకడి పలక మూడు కోణాలు, ఇంకొకడిది అరచేయంత. ముందు ఇసకలో వేలితో దిద్దిస్తాను, వేలికి అక్షరం అలవాటయ్యాక బలపం ఇస్తాను. తుడవడానికి ఉమ్మి ఉండనే ఉంది. ఎన్ని తిట్లు తిట్టినా ఆ ఉమ్మి మాన్పించలేకపోయాను.

ఇక గురవమ్మ సంగతి. గొర్రెలు కాసుకునే ఓబులేసు కూతురు, ఏడేళ్ళుంటాయి. ఊరికి కొంచెం ఎడంగా, కొండ వాలులో వాళ్ళ గుడిసెలు. ఒకరోజు వాళ్ళ గొర్రెపిల్ల బడిలోకి దూరితే పట్టుకోవడానికి వచ్చి, పట్టుకుని కూడా వెళ్ళకుండా, దాన్ని చంకలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడి పాఠం విన్నది. నేను నాలుగుసార్లు వాళ్ళ ఇంటికి తిరిగాను. “ఆడపిల్లకు చదువేందమ్మా, జీవాలు కాసుకునేదానికి?” అన్నాడు ఓబులేసు. జీవాలంటే ఇక్కడ గొర్రెలు, మేకలు. అయిదోసారి నా మొహం చూడలేక, “సరేలే, పొద్దున పూట పంపిస్తా” అన్నాడు. ఆ వాడలోంచి బడికి వచ్చిన మొదటి పిల్ల అది. నా గర్వం చూడాలి నువ్వు.

అక్షరాలు ఇట్టే పట్టుకుంది. లెక్కలు మాత్రం అంటలేదు. చింతగింజలు ముందుపోసి ఎన్నున్నాయే అంటే, నాలుగు దాటగానే దిక్కులు చూసేది. ఒకరోజు చిరాకు పడి చేతి మీద ఒకటి అంటించాను. అది ఏడవలేదు. “చింతగింజలకు మొగాలు లేవు గదా పంతులమ్మా” అంది. మందలో ప్రతి గొర్రె మొహమూ దానికి తెలుసట. ఒక్కటి తగ్గినా లెక్క లేకుండానే చెప్పేస్తుంది. ట్రైనింగు స్కూల్లో మాకు నూరిపోశారు కదా, తెలిసినదాంట్లోంచి తెలియనిదాంట్లోకి తీసుకెళ్ళాలని. నాకు వెంటనే ఉపాయం తట్టింది. “రేపు పొద్దున మీ జీవాలు దొడ్డి దాటేటప్పుడు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చింతగింజ ఒళ్ళో వేసుకుని రా” అన్నాను.

పిల్ల మొహం చిన్నబోయింది. “జీవాలను లెక్కబెట్టగూడదంట పంతులమ్మా. లెక్కబెడితే లెక్క తగ్గుతాదని మా అవ్వ చెప్పింది” అంది.

నేను నవ్వానక్కయ్యా. ఊరికే నవ్వి ఊరుకున్నా బాగుండేది. “నేను రోజూ మిమ్మల్ని లెక్కపెట్టి హాజరు వేస్తున్నానుగా, మీలో ఎవరైనా చచ్చారా?” అన్నాను తరగతి అంతా వినేటట్లు. పిల్లలందరూ పకపకా నవ్వారు. గురవమ్మ నవ్వలేదు.

మర్నాడు పరికిణీ ఒడి నిండా చింతగింజలతో వచ్చింది. నేల మీద కూర్చుని ఒక్కొక్కటే పేర్చింది. “ఇది నల్లది. ఇది చెవుల్ది. ఇది కుంటిది. ఇది కుంటిదాని బిడ్డ.” పదేసి పెట్టాక ఒక గీత గీయించాను. నాలుగు వరసలు, మీద ఒకటి. చెయ్యి పట్టుకోకుండానే పలక మీద నలభై ఒకటి వేసింది. నాలుగు దాటి లెక్క తెలియని పిల్ల! నేను ఎత్తుకుని తిప్పినంత పని చేశాను. ఆ పలక గోడకు మేకు కొట్టి తగిలించాను, వచ్చేపోయేవాళ్ళందరూ చూడాలని. చూశారు.

తరవాత వారం వానలు పడ్డాయి. కొండ వాలంతా లేత గడ్డి. గొర్రెలు దాని మీద ఎగబడ్డాయి. ఒకరోజు పొద్దున బడికి వచ్చిన పిల్లలు, “గురవమ్మ వాళ్ళ జీవాలు పడిపోతాండాయి” అని చెప్పారు. చిటికె వేసినంతలో చచ్చే జబ్బు కాబట్టి దాన్ని చిటుకు రోగం అంటారు. నిలబడ్డది నిలబడ్డట్టే ఎగిరి పడి, కాళ్ళు కొట్టుకుని పోతుంది. మార్కాపురం నుంచి పశువుల కాంపౌండరు సూదులు పట్టుకుని వచ్చేసరికి మూడోరోజు. అప్పటికి తొమ్మిది మిగిలాయి.

నాలుగోరోజు ఓబులేసు బడికి వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. గోడ మీద పలక చూపించి, “ఇదేనా?” అన్నాడు. అవునన్నాను.

“నాకు చదువు రాదమ్మా. ఇందులో ఎన్నని ఉంది?”

“నలభై ఒకటి.”

“మా తాతకు తెల్దు, మా నాయనకు తెల్దు, నాకూ తెల్దు మా దొడ్లో ఎన్నుండాయో. తెల్సుకున్నాం. పోయినాయి.”

కాంపౌండరు చెప్పిందంతా చెప్పాను. తొలకరి లేత గడ్డి కడుపు పట్టనంతగా తింటే వచ్చే జబ్బని, లెక్కకూ దానికీ సంబంధం లేదని. ఆయన చివరిదాకా విన్నాడు. “గడ్డి ఏటా మొలుస్తాదమ్మా” అన్నాడు. “ఏటా ఒకటో రెండో పోతాయి. ఈ ఏడే దొడ్డి ఎందుకు ఖాళీ అయింది?” అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేనే వాళ్ళ గుడిసెలకు వెళ్ళాను. గురవమ్మ గుడిసె బయట, ఎండిన కంప పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టారట, లెక్కపెట్టిన వేలని. ఇసకలో నేను పట్టుకుని దిద్దించిన వేలు. ఎవరూ దానితో మాట్లాడటం లేదు. తిండి విడిగా పెడుతున్నారు. మిగిలిన తొమ్మిదింటి దగ్గరికి పోనివ్వడం లేదు. “దోర్నాలలో మా చిన్నాయన హోటలుకు పంపుతారంట, అంట్లు తోమేదానికి” అని తనే చెప్పింది. ఆ తరవాత, “నేనే చంపినాను పంతులమ్మా. కుంటిదాన్ని గూడ లెక్కబెట్టినాను” అంది.

నువ్వు కాదే, జబ్బు వల్లే అని ఎంతసేపు చెప్పానో. వినదు. పెద్దవాళ్ళు నమ్మనిది ఏడేళ్ళ పిల్ల ఎలా నమ్ముతుంది? పైగా లెక్కపెట్టమన్నది నేను. పెద్దాళ్ళ మాట విని భయపడితే నలుగురిలో నవ్వులపాలు చేసింది నేను. అక్కడ నిలబడి ఉండగా నాకు ఒక్కటే దారి తోచింది. తప్పో ఒప్పో నువ్వే చెప్పు.

ఓబులేసునూ వాళ్ళ అమ్మనూ, అంటే గురవమ్మ అవ్వను, బయటికి పిలిచాను. వాడలో పదిమంది చేరారు. “పిల్ల లెక్కపెట్టక ముందురోజు సాయంత్రం నేను ఇటు వచ్చాను. మంద దొడ్లోకి వస్తుంటే ఈ రాయి దగ్గర నిలబడి, వేలు పెట్టి, పైకి లెక్కపెట్టాను. చెయ్యాల్సింది నేను చేసేశాను. మర్నాడు పిల్ల గింజలు ఏరుకోవడమే కానీ అందులో ఏమీ లేదు” అని చెప్పాను.

అబద్ధమక్కయ్యా. ఆ సాయంత్రం నేను ఇంట్లో పొయ్యితో తంటాలు పడుతున్నాను. కానీ వాళ్ళు నమ్మడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ముసలామె నా నుదురు వంక చూసింది. “అనుకుంటానే ఉన్నా. ముండమోసిన దాని చూపు. దొడ్డి మీద బడితే మిగుల్తాదా?” అంది. ఎవరూ కాదనలేదు. నాకు మజ్జిగిచ్చిన ఆడవాళ్ళు కూడా ఆ గుంపులోనే ఉన్నారు.

గురవమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. “నిజంగానా పంతులమ్మా? నాకన్నా ముందే లెక్కబెట్టినావా?” అని అడిగింది. నిజమే అన్నాను. దాని మొహంలో ముందు ఎంత తెరిపి వచ్చిందో చెప్పలేను. నాలుగు రోజుల నుంచి ఊపిరి బిగబట్టి అప్పుడే వదిలినట్లుంది. తరవాత నన్ను చూస్తూ చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. వాళ్ళవ్వ దాన్ని గబుక్కున దగ్గరికి లాక్కుని, నెత్తిన పసుపునీళ్ళు చల్లి, లోపలికి తీసుకుపోయింది. వాకిట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

దోర్నాల ప్రయాణం ఆగిపోయింది. అవ్వ తన కంచంలోనే సంకటి పెడుతోందట. అది నాకు చాలు అనుకున్నాను. చాలడం లేదు. గురవమ్మే కాదు, దాన్ని చూసి చేరిన ఆ వాడ పిల్లలెవరూ బడికి రావడం లేదు. ఊళ్ళో పిల్లలు సగం మంది వస్తున్నారు, వాళ్ళ అమ్మలు గుమ్మం దాకా వచ్చి దిగబెట్టి నా ఎదట పడకుండా వెళ్ళిపోతున్నారు. ఇంకో మాట, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేనిది. పొద్దున హాజరు వేసేటప్పుడు నేనిప్పుడు పిల్లలను లెక్కపెట్టలేకపోతున్నాను. పేర్లు పిలిచి ఊరుకుంటున్నాను. ఇంత చదివి నా గతి ఇలా అయింది.

మొన్న బావి దారిలో గురవమ్మ ఎదురైంది. ఆ తొమ్మిదింటిని తోలుకొస్తోంది. నన్ను చూడగానే మందను కంప వెనక్కి మళ్ళించింది. ఒక గొర్రెపిల్ల మాత్రం ఇటే వచ్చింది. దాన్ని పట్టుకుని, నా కంట పడకుండా, పరికిణీ అంచుతో దాని మొహం కప్పేసింది. వేలు మానింది, చూశాను. నేను పిలవలేదు, తల వంచుకుని వచ్చేశాను.

నిన్న ఓబులేసును సంతలో ఆపి అడిగాను, పిల్లను ఇంక పంపవా అన్నా అని. ఆయన నా మొహం చూడకుండానే మర్యాదగానే చెప్పాడు. “బడి మీద మాకేం కోపం లేదమ్మా. దానికి అక్షరాలు బాగానే పట్టుబడినాయి. ఇంకో అయివారు వస్తే మర్నాడే పంపుతా.”

అందుకని రాస్తున్నాను. కర్నూలులో ఆఫీసులో బావగారికి తెలిసినవాళ్ళున్నారు కదా, నన్ను ఇక్కణ్ణుంచి వేరే ఊరికి మార్పించమని చెప్పు. మన వైపే కానక్కర్లేదు. ఇంతకన్నా లోపలి కొండల్లోకైనా వెళ్తాను. ఎందుకని బావగారు అడిగితే, ఒంటరిగా ఉండలేక ఏడుస్తోందని చెప్పు, అది ఆయన నమ్ముతారు. దసరా సెలవుల లోపల అయ్యేట్లు చూడమను. ఇసకలో దిద్దినది చేతికి ఎన్నాళ్ళు గుర్తుంటుంది, ఆరు నెలలు గడిస్తే అది అక్షరాలన్నీ మర్చిపోతుంది. నేను ఈ ఊళ్ళో ఉన్న ప్రతి రోజూ ఆ పిల్లకు బడి లేనట్లే అక్కయ్యా.

మీ అత్తగారికీ, బావగారికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు.

నీ చెల్లెలు
శకుంతల