లిఫ్టులో కణితి ముక్కకు చోటు గురించి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
రొమ్ము క్యాన్సరు పరిశోధనశాలలో పనిచేయుచున్న శాస్త్రవేత్త వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శస్త్రచికిత్సలో తీసిన కణితి ముక్కను, మంచుపెట్టెతో సహా, రోగుల లిఫ్టులో దించుటకు అనుమతి కోరుట.

1. ఆపరేషను థియేటరు పై అంతస్తులోనూ, మా పరిశోధనశాల నేలమాళిగలోనూ ఉన్న సంగతి తమరెరిగినదే. ఎవరో మంచాలు ఎక్కించి లిఫ్టును మధ్యలో ఆపేసినందున, రోగులు తప్ప సామాను ఎక్కరాదని తమరు ఉత్తర్వు జారీ చేసియున్నారు. ఉత్తర్వు సబబైనదే. ఆ రోజు లోపల ఇరుక్కున్నవారిలో నేనూ ఉన్నాను.

2. అప్పటినుండి మా పెట్టె ర్యాంపు మీదుగా వచ్చుచున్నది. ర్యాంపు లాండ్రీ వెనుకగా తిరిగి, వంటశాల బండ్ల మధ్య చిక్కుకుని, భోజనాల వేళ తాళం పడే గేటు దగ్గర నిలబడి, ఎప్పటికో మా గుమ్మం చేరును. అప్పటికి మంచు నీళ్లయి ఉండును.

3. మంచు కరిగితే ఏమగునని తమరు అడగవచ్చు. మనిషి ఒంట్లో కణాలన్నింటిలోనూ జన్యువులు దాదాపు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు గట్టిగా మాట్లాడుతోంది, ఏది నోరు మూసుకుంది అన్నదే తేడా. ఆ మాటలను వేల సంఖ్యలో ఒకేసారి చదవడం మా పని. సూక్ష్మదర్శినిలో అక్కచెల్లెళ్లలా కనబడే రెండు కణితుల్లో ఏది తిరగబెడుతుందో, ఎవరికి కీమో అవసరమో, ఎవరికి ఆ బాధ తప్పించవచ్చో అలా తెలుసుకోవాలని మా ప్రయత్నం. అయితే ఆ మాటలు రాసి ఉండే ఆర్ఎన్ఏ బహు సున్నితం. వెచ్చదనం తగిలితే చిరిగిపోవును.

4. ఇటీవల ఆ మాటల పోలికలను బట్టి మేము గీసిన పటంలో కణితులు రెండు గుంపులుగా విడిపోయాయి. కొత్త రకం క్యాన్సరు దొరికిందని మా ప్రొఫెసరు గారు మిఠాయిలు పంచారు. నేనూ రెండు తిన్నాను. తరువాత అనుమానం వచ్చి (నాకు అది అలవాటే) చూస్తే, రెండో గుంపులో అరుస్తున్న జన్యువులు క్యాన్సరువి కావు. రక్తం అందక కంగారుపడిన కణాలవి. ఆ ముక్కలన్నీ ర్యాంపు మీదుగా వచ్చినవే. అనగా మేము కనిపెట్టిన కొత్త రకం క్యాన్సరు తమరి ఉత్తర్వు. తప్పు తమరిది కాదు. దారి మారినప్పుడు మేమే ఆలోచించుకోవలసింది.

5. లిఫ్టు నడిపే పెద్దాయనను అందరం బాబాయ్ అంటాం. ఆయనను బతిమాలితిని.

"ఇంతకీ ఇది పేషెంటా, సామానా అమ్మా?" అన్నాడు.

"పేషెంటులో ముక్క, బాబాయ్."

"పేషెంటు పైనే ఉందిగా. ఒక మనిషిని రెండుసార్లు ఎలా దించను?"

పెట్టె పట్టుకుని మళ్లీ ర్యాంపు దారి పట్టితిని.

6. ఇక దాచను. గురువారం జరిగే ఆపరేషను మా పిన్నిది. ఆమె బట్టలు కుడుతుంది. నేను బంధువును గనుక సమ్మతి వేరే డాక్టరు గారు తీసుకున్నారు. ముక్కకు పేరుండదు, నంబరే. దానిని పరీక్షించేదీ వేరేవారే. కానీ అందరి ముక్కలకూ అడుగుతున్నానా, పిన్ని ముక్కకే అడుగుతున్నానా అని నన్ను నేను అడిగితే సమాధానం తిన్నగా రావడం లేదు.

ర్యాంపు సంగతి చెబితే పిన్ని కుట్టుమిషను ఆపి నవ్వింది. "కంగారులో నా ముక్క ఏదేదో వాగేస్తుందన్నమాట. అచ్చం నాలాగే."

ఈ పరిశోధన వల్ల ఈసారికి నీకు ఒరిగేదేమీ లేదు పిన్నీ అని చెప్పాను. చెప్పకపోతే మోసం కదా.

"నాక్కాకపోతే ఇంకొకత్తెకి పనికొస్తుంది. కానీ కోసేది ఒక్కసారేనే. చెడగొట్టి, అయ్యో మళ్లీ ఇవ్వు పిన్నీ అంటే నేను ఇవ్వలేను," అంది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అయ్యా, శాస్త్రపరంగా ఇంతకంటే బలమైన కారణం నాకు తోచుట లేదు.

7. కావున ఆపరేషను రోజులలో ఒక పెట్టెను, దానిని పట్టుకున్న ఒక మనిషిని లిఫ్టులో అనుమతించవలెనని ప్రార్థన. పెట్టె లంచ్ బాక్సు కంటే పెద్దది కాదు. ముక్క చిక్కుడు గింజంత. ఎవరికీ చోటు తక్కువ కాదు.

తీరిక చేసుకొని, గురువారం లోపుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నేలమాళిగ, చివరి గది.

తా.క.: చక్రాల కుర్చీలో ఉన్నవారిని తప్పక ఎక్కించుకోవాలని తమరి ఉత్తర్వులోనే ఉందట, బాబాయ్‌ని అడిగి తెలుసుకున్నాను. ఆలోచన మాత్రం పూర్తిగా నాది, ఆయనను ఏమీ అనకండి. జవాబు రాకపోతే గురువారం పెట్టె ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాను. నిజం తెలుసుకోవడానికి దొంగ రోగిని కావడం న్యాయమేనా అని రోజూ ఆలోచిస్తున్నాను, ఎటూ తేలడం లేదు. కుర్చీ మాత్రం తెచ్చి పెట్టుకున్నాను.