పై అంతస్తు వ్యవహారం

అత్తకు నమస్కారాలు.

నేను క్షేమం. నా జీతం మాత్రం క్షేమంగా లేదు. ఒకటో తారీఖున నిండుగా వస్తుంది, ఇరవయ్యో తారీఖుకల్లా చిల్లిగవ్వ మిగలదు. కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీస్తూ ఏవేవో ఊహించుకుంటాను, సాయంత్రం ఆ ఊహల్లోనే ఏదో ఒకటి కొనేస్తాను. మొన్న గాలికి మోగే గంటలు కొన్నాను. నా గదిలోకి గాలి రాదు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో క్యాషియరుగా చేసినదానివి, డబ్బు నిలబెట్టుకోవడం ఎలాగో నాకు నేర్పవా?

నీ మేనకోడలు

తా.క. ఈ కవరు మీద స్టాంపు పక్కింటావిడ ఇచ్చింది.

*

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

ముందు ఆ స్టాంపు బాకీ తీర్చు. ఇకనుంచి జీతం వచ్చిన రోజే పదో వంతు తీసి వేరే ఖాతాలో వెయ్యి. మిగిలితే దాస్తానంటావేమో, అలా ఎవరికీ ఏనాడూ మిగల్లేదు. మూడు నెలల ఖర్చుకు సరిపడా పోగయ్యాక కూడా దాన్ని ముట్టుకోకు. జబ్బు చేసినా, ఉద్యోగం ఊడినా ఆదుకునే డబ్బు అది. ఏదైనా చూసి మనసు లాగితే ముప్పై రోజులు ఆగు. అప్పటికీ లాగుతుంటే ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
అత్త

తా.క. గంటలకి బిల్లు ఉందా? వెనక్కి తీసుకుంటారేమో అడుగు.

*

అత్తకు నమస్కారాలు.

ఎనిమిది నెలలుగా నువ్వు చెప్పినట్టే దాస్తున్నాను. ఖాతా పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను. కానీ ఒక సంగతి. మా మేడ పై అంతస్తు మీద మనసు పడింది. రోజూ సాయంత్రం ఏదో వంక పెట్టుకుని మెట్లెక్కుతాను. పావుగంట అలా చూస్తూ నిలబడి దిగివస్తాను. ఆ తర్వాత భోజనం చేశానో లేదో కూడా గుర్తుండదు. ఇంతకన్నా రాయను, తిడతావు. నీ ముప్పై రోజుల్లో ఇవాళ పద్దెనిమిదో రోజు.

నీ మేనకోడలు

తా.క. తెల్లవారుజామున చూస్తే ఇంకా బాగుంటుందట. ఇంటి యజమానురాలు చెప్పింది.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎవడే ఆ పై అంతస్తువాడు? నెలజీతమా, రోజుకూలీయా, లేక ఏదో ఒకటి చేద్దామని తిరుగుతున్నాడా? అప్పులెన్ని? మళ్లీ మెట్లెక్కే ముందు అతని ఖాతా పుస్తకంలో ఆఖరి ఆరు నెలల పేజీలు చూపించమను. నసిగితే అక్కడినుంచే దిగిరా. ముప్పై రోజుల లెక్క చెప్పులకీ సంచులకీ గానీ మనుషులకి కాదు.

అత్త

తా.క. తెల్లవారుజామున చూడమని చెప్పిందా! ఏం ఇల్లమ్మా అది?

*

అత్తకు నమస్కారాలు.

మనిషి కాదు అత్తా, గది! సరిగ్గా చెప్పాలంటే ఆ గదికున్న కిటికీ. నా కింది గది కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ చేతికందుతుంది. అందరికీ చూపు బాగుచేస్తాను, నేను చూసేది సిమెంటు. పైనుంచి నది మొత్తం కనిపిస్తుంది. తెల్లవారుజామున పొగమంచులో పడవలు నీళ్ల మీద కాక గాలిలో నడుస్తున్నట్టుంటాయి. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ముప్పై రోజులు ఆగినా మనసు మళ్లలేదు. దాచిందంతా అడ్వాన్సు కట్టి గురువారం పైకి మారిపోయాను.

నీ మేనకోడలు

తా.క. శుక్రవారం దుకాణంలో అరగదీసే యంత్రం పాడైంది. కొత్తది వచ్చేదాకా, అంటే రెండు నెలలు, సగం జీతమేనట. ఒకటో తారీఖున అద్దె కట్టకపోతే కిటికీ వదులుకోవాలి. ఆ డబ్బు ముట్టుకోవద్దని ఎందుకన్నావో ఇప్పుడు అర్థమైంది. ఏడుపొస్తోంది అత్తా.

*

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నిన్న నీకు చెప్పకుండా మీ మేడకి వచ్చాను. నువ్వు దుకాణంలో ఉన్నావు, యజమానురాలు తలుపు తీసింది. తిట్టాల్సిన మాటలన్నీ బస్సులో వరసగా పేర్చుకుని మరీ వచ్చాను. కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడదామనుకున్నదాన్ని ఎండ వాలేదాకా కదల్లేదు. ఒక పడవ వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. ముప్పై నాలుగేళ్లు కౌంటరు ఊచల్లోంచి లోకాన్ని చూశాను. అందులోంచి కనిపించేవి చేతులే. నువ్వొచ్చే వేళకి కళ్లు తుడుచుకుని దిగిపోయాను.

నీకు అప్పు ఇవ్వను. నువ్వు చేసింది ముమ్మాటికీ తప్పు. కానీ లెక్క వేశాను. అద్దెలో సగమే అయితే నీ సగం జీతంలోంచి కట్టినా రెండు పూటలా తినొచ్చు, పదో వంతూ దాచొచ్చు. మిగతా సగానికి ఒక మనిషిని కుదిర్చాను. ఒంటరి మనిషి. పింఛను క్రమంగా వస్తుంది, అప్పులు లేవు, గురక మాత్రం ఉంది. ఒకటో తారీఖున పెట్టెతో దిగుతుంది. ఎదురుచెప్పకు.

ఆశీస్సులతో,
అత్త

తా.క. కిటికీ పక్క మంచం నాది. నువ్వు చిన్నదానివి, మెడ సాచుకుని చూడు.