మూడో చరణం

అనకాపల్లి

వరదానం బావా,

క్షేమం అడగడానికి రాయడం లేదు.

ఫ్యాక్టరీ తెరవాలని చెరకు రైతులు చేసిన ధర్నాల్లో నాలుగుసార్లు నా చేత పాడించావు. నాలుగుసార్లూ రెండో చరణం అవుతుండగానే మీ నాయకుడి కారు రావడం, "ఆపరా, అన్న వచ్చేసేడు" అంటూ నువ్వు మైకు లాక్కోవడం. ఆయన వచ్చేదాకా జనం లేచిపోకుండా చూడ్డానికా నా పాట? ఆర్నెల్లు కూర్చుని కట్టాను దాన్ని. చెరకు నరికే కూలీల గోడంతా మూడో చరణంలోనే ఉంది, మీ నాయకుడి తోటలో నరికేవాళ్లతో సహా. అది ఇంతవరకు ఒక్కరూ వినలేదు. అడిగితే, "ధర్నాకి నినాదం సాలు, సంగీతం ఇంటికాడ సూసుకో" అని మునగపాకలో అందరి ముందూ అన్నావు.

సోమవారం ధర్నాకి నేను రానని ఆశ ఉంటే వదులుకో. వస్తాను, పాడతాను. కారు ఎప్పుడైనా రానీ, ఈసారి మూడో చరణంతోనే ఎత్తుకుంటాను.

నీ బామ్మర్ది