పచ్చసొన తిన్న రొయ్యలు

అక్కా,

నువ్వు పోయి ఏడాది. మిసిసిపీలో మీ చేపపిల్లల హేచరీకి వచ్చాను. ఈసారి కూడా క్యాట్‌ఫిష్ పిల్లలు చచ్చిపోతుంటే బావ హేచరీని అమ్మేద్దామనుకున్నాడు. చివరికి, నువ్వున్నప్పుడు చెప్పిన మాట విన్నాడు. పిల్లలకు మేతగా వేసే చిట్టి ఉప్పునీటి రొయ్యలకు ముందుగా పచ్చసొన, చేపనూనె గిలకొట్టి తినిపించాడు. “రొయ్యలకు ఆమ్లెట్ వేస్తున్నావా?” అని నిన్ను ఏడిపించినవాడే.

విన్నదాన్ని నమ్మే అలవాటు పత్రికాఫీసులోనే పోయింది కదా, మామూలు మేత వేసిన తొట్టి, నువ్వు చెప్పిన మేత వేసిన తొట్టి, రెండూ స్వయంగా చూశాను. మామూలు రొయ్యలు వేసిన తొట్టి అడుగున చచ్చిన పిల్లలు తెల్లగా పేరుకున్నాయి. నీ తొట్టి నిండా నల్లటి పిల్లలు మేత కోసం ఎగబడుతున్నాయి. అవి పక్క తొట్టిలో మిగిలినవాటికంటే పెద్దవి కూడా.

“మీ అక్కే గెలిచింది మరదలా! హేచరీ అమ్మకం క్యాన్సిల్ చేశాను” అన్నాడు బావ.

ఈ పొద్దున గుడ్లు కొట్టి, పచ్చసొనలు రొయ్యల కోసం నీ గిన్నెలో తీసిపెట్టాడు. మిగిలిన తెల్లసొనతో నాకు ఆమ్లెట్ వేశాడు.

“రోజూ ఇదే టిఫిన్. మీ అక్క వేసిన శిక్ష, నువ్వూ అనుభవించు” అన్నాడు.

చప్పగా ఉంది. ఇంకోటి వేయించుకుని తిన్నాను.

నీ చెల్లి